గొంతు రాని వందనం

మీరిద్దరూ వట్లూరు ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు వెళ్ళినా, నేను చెప్పే గుర్తులతో ఈ కథ జరిగిన ఇల్లు పోల్చుకోలేరు, పైన ఇంకో అంతస్తు వేశారట. ఇంత దూరంలో ఈ సంగతి మీకు చెప్పేవాళ్ళు ఎవరున్నారు? నేను కూడా సగం చూసి సగం విన్నదే చెబుతున్నాను. తెలియని చోట తెలియదనే అంటాను.

ఏలూరు పక్కన వట్లూరులో కుసుమ అనే ఆవిడ ఉండేది. ఊళ్ళో ఒక ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం. పొద్దున్న నాలుగున్నరకి లేచేది. భర్త నెల్సన్ కలిదిండి దగ్గర చేపల చెరువుల మీద సూపర్‌వైజరు, ఐదున్నరకల్లా క్యారేజీ కట్టివ్వాలి. ఆ తర్వాత కూతురు ఇందుజకి రెండు జడలు, నాలుగేళ్ళ కొడుకు బన్నీకి స్నానం, అత్తగారు వెంకటనరసమ్మకి కళ్ళలో చుక్కల మందు, మోకాళ్ళకి నూనె. తొమ్మిదిన్నరకి ఆసుపత్రిలో వేలిముద్ర వెయ్యాలి. ఒక నిమిషం ఆలస్యమైనా ఆ మిషను ఊరుకోదు.

డిసెంబరు వచ్చిందంటే వీటి మీద ఇంకా పడేవి. గోడలకి సున్నం, కర్టెన్లు ఉతకడం, వాకిట్లో స్టార్ కట్టడం, అరిసెలు, చర్చిలో క్వయర్ పాటల ప్రాక్టీసు, బడిలో సెమీ క్రిస్మస్. ఆ ఏడు బడి నాటకంలో ఇందుజ దేవదూత, బన్నీ గొర్రెపిల్ల. కుసుమ గొర్రెపిల్లకి దూది అంటిస్తూ ఉంటే వాడు పీకి ముక్కులో పెట్టుకునేవాడు.

ఇక ఆ ఇంటి సంగతి. మనసులో లేని కృతజ్ఞత ఆ ఇంట్లో పైకి వినిపించేది కాదు. పెదాలు కదిలేవి, అంతే. తిట్లు వినిపించేవి, సణుగుడు వినిపించేది, అబద్ధాలు కూడా శుభ్రంగా వినిపించేవి. ఒక్క కృతజ్ఞత దగ్గరే అలా. గ్యాస్ బండ తెచ్చినతనికి కుసుమ చెప్పే థ్యాంక్స్ ఎప్పుడూ ఖంగున మోగేది. పాస్టరు హనుమంతరావు గారు ఒకసారి పాయసం తాగి వందనాలు చెప్పబోతే గాలి కూడా రాలేదు. ఆయన గ్లాసు పక్కన పెట్టి, "పంచదార వెయ్యడం మరిచిపోయినట్టున్నారమ్మా" అన్నారు. ఎవరూ ఆశ్చర్యపోలేదు.

ఏటా క్రిస్మస్ ముందు ఆ ఇంట్లో చర్చివాళ్ళంతా చేరి ప్రార్థన చేసే కృతజ్ఞత కూడిక జరిగేది. ఇంటి కోడలు లేచి నిలబడి, ఇంట్లో ఒక్కొక్కరి పేరూ చెప్పి, వాళ్ళ కోసం దేవుడికి వందనాలు చెప్పాలి. వెంకటనరసమ్మ అత్తగారి కాలం నుంచీ అదే పద్ధతి. ఎవరి పేరు దగ్గరైనా గొంతు రాకపోతే అందరూ మర్యాదగా ఫ్యాను వైపు చూసేవాళ్ళు. పాస్టరు గారు ఆమెన్ అనేసేవారు.

ఎనిమిదేళ్ళు కుసుమకి ఏ ఇబ్బందీ రాలేదు. ఆ ఏడు నవంబరులో వెంకటనరసమ్మకి కంటి ఆపరేషను చేశారు. చూపు రాకపోగా ఉన్న మసక చూపు కూడా పోయింది. చూపు పోయినవాళ్ళకి ఇల్లంతా అనుమానమే కదా. "అమ్మాయ్, గేటు వేశావా? పాలు పొంగుతున్నాయా? బన్నీ ఏడి?" అని పిలుస్తూనే ఉండేది. కుసుమ ప్రతిసారీ జవాబు చెప్పేది. ఆ జవాబు రోజురోజుకీ పొట్టిదవుతూ వచ్చింది.

డిసెంబరు మొదటి వారంలో వెంకటనరసమ్మ తాడేపల్లిగూడెంలో ఉన్న కూతురు ప్రసన్నకి ఫోను చేసింది. "కూడిక అయ్యాక నన్ను తీసుకుపోవే. ఇక్కడ కోడలికి ఊపిరాడట్లేదు" అంది. ప్రసన్న వాళ్ళది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఆవిడా భర్తా పొద్దున్న వెళ్తే మళ్ళీ సాయంత్రమే. చూపులేని మనిషి రోజంతా తాళం వేసిన తలుపు వెనక కూర్చోవాలి.

పక్కగదిలో ఆ మాట విన్న కుసుమకి ముందు హాయిగా అనిపించింది. తర్వాత ఆ హాయికే భయం వేసింది.

మర్నాడు వంటింటి తలుపు వేసుకుని చెప్పి చూసుకుంది. "ఇందుజ కోసం వందనాలు." వినిపించింది. బన్నీ ఆ పొద్దున్నే ఆమె ఫోను బకెట్లో వేశాడు, అయినా వాడిదీ వినిపించింది. నెల్సన్‌ది కాస్త బొంగురుగా వచ్చింది. "అత్తయ్య గారి కోసం వందనాలు" అంది. కుక్కర్ చప్పుడు తప్ప ఏమీ లేదు.

స్నానాల గదిలో చెప్పి చూసింది. డాబా మీద చూసింది. ఏలూరు కొత్త బస్టాండులో నిలబడి అంటే చక్కగా వచ్చింది. కానీ బయట ఎవరైనా ఏమైనా అనొచ్చు, దానికి విలువేముంది.

"ఏవండీ, ఈసారి కూడిక చర్చిలో పెట్టుకుందామా?" అని అడిగింది నెల్సన్‌ని.

"ఎందుకూ?"

"ఇల్లు ఇరుకు కదా."

"పోయినేడు నలభైమంది పట్టారు." నెల్సన్ ఆమె మొహం చూశాడు. "అమ్మ దగ్గర రావట్లేదా?"

కుసుమ బియ్యంలో ఇంకో చెంబు నీళ్ళు పోసింది.

"మా బావగారు ఇంటికొచ్చినప్పుడు థ్యాంక్స్ చెప్పబోతే నాకు మూడేళ్ళు గొంతు రాలేదు. ఏమైంది? ఎవరూ చచ్చిపోలేదు."

"మీ బావగారు సంచి సర్దుకుని కూర్చోలేదండీ" అంది.

అదే ఆమె భయం. కూడికలో గొంతు రాకపోతే, ఆ నిశ్శబ్దం విన్న చెవులతోనే ఆ ముసలావిడ గడప దాటుతుంది. ఇక తిరిగి రాదు. పిల్లలు పక్కనే కూర్చుని చూస్తారు.

కూడిక రోజు రానే వచ్చింది. తేదీ నాకు గుర్తులేదు, శనివారం మాత్రం నిజం. సాయంత్రం ఆరింటికి చాపలు పరిచారు. ప్రసన్న కారు మాట్లాడుకుని వచ్చింది. తల్లి సర్దుకున్న సంచి తెచ్చి గుమ్మం దగ్గర పెట్టింది. పాట అయింది, బైబిలు వాక్యం అయింది. కుసుమ లేచింది. ఇందుజ, బన్నీ, నెల్సన్, ముగ్గురివీ వినిపించాయి.

"మా అత్తయ్య గారు వెంకటనరసమ్మ గారి కోసం..."

పెదాలు కదిలాయి. అందరూ ఫ్యాను వైపు చూశారు. పాస్టరు గారు ఆమెన్ అనబోయారు.

"ఒక్క నిమిషమండీ అయ్యగారూ" అంది కుసుమ. "రాదని నాకు ముందే తెలుసు. ఎందుకు రాలేదో చెప్పనివ్వండి. గేటు వేశావా అని రోజుకి నలభైసార్లు అడుగుతారు."

"ముప్పై" అంది వెంకటనరసమ్మ. "సరే, గట్టిగా చెప్పమ్మాయ్. వెనక వాళ్ళకి వినపడాలి."

"పాలు పొంగుతున్నాయని స్నానం మధ్యలో పిలుస్తారు. అసలు పొయ్యి వెలిగించనే లేదు."

"వాసన వచ్చింది మరి."

"చేపల కూర వండితే పిల్లల్ని చెరో పక్కనా కూర్చోబెట్టుకుంటారు. కళ్ళు కనపడవు. ముక్కని వేళ్ళతో నలిపి, నలిపి, ముళ్ళు వెతుకుతారు. కూర చల్లారిపోతుంది. పులుసు కంచం చుట్టూ కారుతుంది, తుడవాల్సింది నేను. ఒక్కో ముద్దకి ఐదు నిమిషాలు. వాళ్ళ బస్సు వెళ్ళిపోతుందేమోనని నా ప్రాణం..."

కుసుమకి ఒకటి గుర్తొచ్చింది. ముందు వారమే ఆసుపత్రిలో గొంతులో ముల్లు దిగిన పిల్లని తీసుకొచ్చారు. మూడేళ్ళ పిల్ల. తల్లి ల్యాబు ముందు నేల మీద కూర్చుని తన వేళ్ళకేసే చూసుకుంటూ ఉండిపోయింది.

"ఇన్నేళ్ళలో మా పిల్లల గొంతులో ఒక్క ముల్లు పడలేదు" అంది కుసుమ, ఎవరో చెబితే తను వింటున్నట్టు. "ఆ ముళ్ళు తీసినందుకు వందనాలు అత్తయ్యా."

వినిపించింది. పెద్దగా ఏం కాదు, మామూలుగా, పక్క మనిషితో మాట్లాడినట్టు.

"మొన్న నాకొకటి గుచ్చుకుంది" అన్నాడు బన్నీ.

"అది నీ అంతట నువ్వు తిన్నప్పుడురా" అంది మామ్మ. ఆవిడ చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, ఒక చేత్తో ఇంకో చేతి వేళ్ళు తడుముకుంటోంది.

మొత్తం మనిషి కోసం మళ్ళీ చెప్పి చూసే ధైర్యం కుసుమకి లేకపోయింది. పాస్టరు గారు ఆమెన్ అన్నారు. కేకు, టీ ఇచ్చారు. జనం వెళ్ళారు.

ప్రసన్న సంచి అందుకుంది. "అమ్మా, చీకటి పడింది. బయల్దేరదామా?"

నెల్సన్ తల్లికి చెప్పులు తొడిగాడు. ఎవరూ ఉండమనలేదు. ఉండమనడానికి తనకి ఏం అర్హత ఉందనుకుని కుసుమ టీ కప్పులు ఏరుతూ ఉంది. వెంకటనరసమ్మ గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, కూతురి చెయ్యి పట్టుకుంది. ఆవిడ మర్యాద తెలిసిన మనిషి.

"ఇంత దూరం శ్రమపడి వచ్చావు" అంది. అది వినిపించింది. "నన్ను తీసుకెళ్తున్నందుకు..."

తర్వాత పెదాలే కదిలాయి.

ఆవిడ గొంతు సవరించుకుని మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ అంతే. ఈసారి ఎవరూ ఫ్యాను వైపు చూడలేదు.

ప్రసన్న తమ్ముడి వైపు చూసింది. తర్వాత సంచిని కింద పెట్టి, "కారు వాడికి వేరే చోటికి వెళ్ళాలట, నేను వెళ్తానమ్మా" అంది. ఆ అబద్ధం శుభ్రంగా వినిపించింది.

కుసుమ కప్పులు బల్ల మీద పెట్టి వచ్చి, వంగి, అత్తగారి చెప్పుల బెల్టు విప్పింది.

వెంకటనరసమ్మ ఇంకో నాలుగేళ్ళు బతికింది, ఆ ఇంట్లోనే. కుసుమ అలసట తగ్గిందా అంటే, తగ్గలేదు. మిగిలిన కూడికల్లో కుసుమ ఏం చెప్పిందో, ఎంత వినిపించిందో నాకు తెలియదు.

మీరు పెద్దయ్యాక ఎవరికైనా ఇది చెప్పండి. చెప్పకపోతే మన వెనక ఇది ఎవరికీ తెలియకుండా పోతుందని నాకు బెంగ. కానీ చెప్పేటప్పుడు, విన్నవాళ్ళు మెచ్చుకోవాలని కుసుమని మరీ మంచిదాన్ని చెయ్యకండి. ముందు ఆమెకి గొంతు రాలేదు. అక్కడి నుంచే మొదలుపెట్టండి.