పన్నెండో రకం

దుంపల్ని కుళ్ళబెట్టడానికి ప్రభుత్వం నాకు జీతమిచ్చేది. నవ్వకండి. అరవైల మొదట్లో బిట్రగుంట దగ్గర ఒక వ్యవసాయ క్షేత్రంలో నేను సహాయకుణ్ణి. పన్నెండు రకాల చిలగడదుంపల్లో మెత్తకుళ్ళును తట్టుకునేదేదో తేల్చాలి. కుళ్ళిన దుంప నీళ్ళలో తుమ్మముల్లు ముంచి, ప్రతి దుంపకూ మూడు పోట్లు పొడిచి, తడి గోనెల కింద నాలుగు రోజులు ఉంచేవాణ్ణి. తర్వాత కోసి, కుళ్ళు ఎంత లోతుకు దిగిందో స్కేలుతో కొలిచేవాణ్ణి. ఆ కంపుకు ఇంట్లో నా కంచం వసారాలోకి మారింది.

పన్నెండో రకం అంకాలమ్మ తెచ్చి ఇచ్చింది. జువ్వలదిన్నె మనిషి, మా దగ్గర కూలికి వచ్చేది. గోనెలు తడపడం ఆమె పని. తర్వాత తుఫానుకు ఉప్పునీళ్ళెక్కి ఆమె ఇసుకచేను మాడిపోయింది. వాళ్ళమ్మ కాలం నాటి ఆ తీగ ఇక మా మడిలోనే మిగిలింది.

"తట్టుకున్న రకాల తీగలు ఊళ్ళకు పంచుతాం. అన్నిటికన్నా వెనకబడినదాన్ని దున్నేస్తాం" అన్నారు ఆఫీసరు గారు.

"మా అమ్మ గడ్డ గెలస్తాదా అయ్యా?" అని అంకాలమ్మ రోజూ అడిగేది.

"ముల్లే చెప్తుంది" అనేవాణ్ణి. అంతకుమించి చెప్తే నా పెద్దరికం తగ్గుతుందనుకున్నాను.

కోసి చూస్తే పదకొండు రకాల్లో కుళ్ళు పావంగుళం దాటలేదు. అంకాలమ్మ గడ్డలో అరంగుళం. ఆ పదకొండింటి పోట్ల చుట్టూ బూడిదరంగు పొడి కనిపిస్తే బూజని రాసుకున్నాను. సోమవారం పన్నెండో మడి దున్నించి, తీగలు ఎద్దులకు వేశారు. ఆమె గడ్డలన్నీ పరీక్షలోనే కోసేశాం. అంకాలమ్మ గట్టున నిలబడి చూసి, గోనెలు తడపడానికి వెళ్ళిపోయింది.

నెల తర్వాత మిగతా పదకొండింటినీ మళ్ళీ పరీక్షించాం. ఆ వారం అంకాలమ్మ జ్వరంతో రాలేదు. నాలుగో రోజు గోనె ఎత్తాను. పదకొండు రకాలూ ముద్ద. స్కేలు పెడితే స్కేలే మునిగింది. బూడిదరంగు పొడి మాత్రం ఎక్కడా లేదు.

ఆమె పనిలోకి వచ్చిన రోజు ఆ పొడి సంగతి అడిగాను. దాచలేదు.

"ముల్లు గుచ్చుకున్న గడ్డకు పొయ్యిబూడిద పెట్టకుండా ఎట్టుంచేది అయ్యా? తవ్వేటప్పుడు పార తగిలినా మేం అంతే గదా. ఇంటికాడ నుంచి తెచ్చి పెట్టినా."

"మరి నీ గడ్డకు?"

"బూడిద చాల్లేదు. పరాయోళ్ళ సొత్తు ముందు చూడాల గదా. నాదానికేముంది, నాదేగా."

నాకు ఆమె మీద కోపం రాలేదు, నా మీద వచ్చింది. ముల్లు ఎందుకు గుచ్చుతున్నానో ఒక్కమాట చెప్పి ఉంటే సరిపోయేది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు కూర్చోబెట్టి అంతా చెప్పాను.

ఆమె వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది. "అంటే బూడిద లేకుండా నిలబడింది మా అమ్మ గడ్డ ఒకటేనా?"

"ఒకటే."

ఆమె ముఖం వెలిగింది. నాకు తలెత్తబుద్ధి కాలేదు. రిజిస్టరు తీసి ఆమె ఎదుటే రాశాను: 'మెత్తకుళ్ళును తట్టుకున్నది పన్నెండో రకం. విత్తన తీగ లేదు.'

అంకాలమ్మకు చదువు రాదు.

"ఏం రాసినావయ్యా?" అంది.

"గెలిచిందని రాశాను" అన్నాను.