రెండు నీళ్ళు వార్చిన దుంపలు

మా చెల్లెలు మైరమ్‌కి ఆదివారమంటే సెలవు కాదు, శిక్ష. వారమంతా బిష్కెక్‌లో కుట్టు కార్ఖానాలో మిషను మీద వంగి నడుం పడిపోయినా, ఆ ఒక్కరోజూ తెల్లారగానే వంటింట్లో దూరి వారానికి సరిపడా వండి డబ్బాల్లో సర్దేది. మొగుడు కుబాత్ కోసం. అతని మూత్రపిండాలు రెండూ చెడిపోయాయి. సోమ, బుధ, శుక్రవారాల్లో ఆసుపత్రికి వెళ్ళి డయాలిసిస్ మిషనుకి రక్తం అప్పగించి, కడిగించుకుని వచ్చేవాడు. మధ్య రోజుల్లో అతన్ని కాసేది ఆ డబ్బాలే.

ఆ వంట చూస్తే ఏడుపొస్తుంది. బంగాళాదుంపల్ని చిన్న ముక్కలుగా తరిగి నీళ్ళలో నానెయ్యాలి. ఆ నీళ్ళు పారబోసి, వేరే నీళ్ళలో ఉడికించి, అవి వార్చేసి, మళ్ళీ కొత్త నీళ్ళలో ఉడికించాలి. దుంపలో ఉండే పొటాషియం పోవాలట, ఒంట్లో అది ఎక్కువైతే గుండె ఆగిపోతుందట. కోడిమాంసం ఆవిరి మీద ఉడికి తెల్లగా పాలిపోయి పడుండేది. ఉప్పు లేదు, టమాటా లేదు, ఎముకల చారు లేదు. కాస్త వెల్లుల్లి, కాస్త వెనిగర్, అంతే. మా కిర్గిజ్ వాళ్ళకి చారు లేని భోజనం పెళ్ళికూతురు లేని పెళ్ళి. పక్క వీధిలోనే ఉంటాను కాబట్టి నేనూ వెళ్ళి, నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ దుంపలు తరిగిపెట్టేదాన్ని.

కుబాత్ గుమ్మానికి ఆనుకుని నించునేవాడు. ఒకప్పుడు లారీ నడిపిన మనిషి, తలుపంతా నిండి ఉండేవాడు. ఇప్పుడు అతని పక్కనుంచి వంటగిన్నెతో సహా దూరిపోవచ్చు.

"సైరా వదినా, మీ చెల్లి నాకు గోడకేసే సున్నం ఉడకబెట్టి పెడుతోంది. మీ ఇంట్లో అల్లుళ్ళందరికీ ఇదే మర్యాదా?"

"మా ఆయన్నడుగు. ఉప్పూ కారం వేసి పెట్టినా నా వంట సున్నంలాగే ఉంటుందంటాడు."

మైరమ్ నవ్వేది కాదు. "నీ తమ్ముడు కిడ్నీ ఇచ్చేదాకా సున్నమే తిను. ఆ తర్వాత గొర్రె తలకాయ తిందువుగాని."

అది ఉత్తమాట కాదు. తమ్ముడి కిడ్నీ కలిసింది, పరీక్షలన్నీ అయ్యాయి, వసంతంలో ఆపరేషన్ అన్నారు. చలికాలం గట్టెక్కితే చాలు. మా చెల్లెలు మొగుడిని వసంతం దాకా డబ్బాల మీద నడిపించుకుపోతోంది. కుబాత్ వెక్కిరించేవాడే గాని, ముక్క మిగల్చకుండా తినేవాడు.

అలాంటి రోజుల్లో ఒక శుక్రవారం సాయంత్రం అతని తల్లి అనార్‌ఖాన్ కొండల అవతలున్న వాళ్ళ ఊరు బాత్కెన్ నుంచి దిగింది. కనుమల మీద మంచు పేరుకుని ఉన్నా, అద్దె కారులో నలుగురి మధ్య ఇరుక్కుని, ఒళ్ళో మూటతో వచ్చింది. మూటలో ఎండు ఖుబానీలు, అదే ఆప్రికాట్ పళ్ళు. బాత్కెన్ వాళ్ళకి ఏ రోగానికైనా ముందు ఖుబానీ, తర్వాతే డాక్టరు. బాలింతకీ అదే, ముసలాడికీ అదే, గుండె దడకీ అదే. తన తోటలో కాసినవి తన చేత్తో ఎండబెట్టి, మెత్తనివి ఏరి తెచ్చింది ఆ తల్లి.

ఆ శని, ఆదివారాలు కార్ఖానాలో అదనపు పని పడింది. రాకపోతే ఇంక రావద్దన్నాడు మేస్త్రీ. మైరమ్ పొద్దున్నే బయల్దేరుతూ తల వంచుకుని అత్తగారితో చెప్పింది.

"అత్తమ్మా, ఆయనకి ఉప్పు మాత్రం తగలనివ్వకండి. డబ్బాల్లో ఉన్నది వేడిచేసి పెడితే చాలు."

మాలో కోడలు అత్తగారికి ఇలా చెయ్యండని చెప్పడమే గొప్ప. ఆ రెండు ముక్కలకే మైరమ్‌కి చెమటలు పట్టాయట. మరి ఖుబానీల సంగతి చెప్పలేదేమే అని తర్వాత అడిగాను.

"తల్లి కొడుకు కోసం మోసుకొచ్చిన మూటని వద్దని ఏ నోటితో చెప్పనక్కా? దుంపల్లో కన్నా వాటిలోనే పొటాషియం ఎక్కువ, తినకూడదని ఆయనకి తెలుసు కదా, తినడనుకున్నా."

ఆయనకి తెలుసు. కానీ ఎన్నో నెలలుగా రుచి ఎరగని మనిషి. అమ్మ ఎదురుగా కూచుని గిన్నె నోటిదాకా తెచ్చి పెడుతుంటే వద్దనడానికి రాయి కావాలి, కుబాత్ రాయి కాదు. నాకు అతని మీద కోపం ఉంది, జాలీ ఉంది. రెండూ ఎప్పటికీ పోవు.

శనివారం సాయంత్రం మైరమ్ ఇంటికొచ్చేసరికి ఆ రోజు డబ్బాలు ఖాళీగా, శుభ్రంగా కడిగి బోర్లించి ఉన్నాయి. కుబాత్ మొహంలో ఎన్నడూ లేని కళ. అత్తమ్మ పక్కన కూచుంటే ఆకలి పుట్టిందనుకుని సంబరపడింది పిచ్చిది. ఆదివారం పని నుంచి వస్తూ మా ఇంటికొచ్చి నాతో ఆ మాట చెప్పి నవ్వింది కూడా.

సోమవారం తెల్లవారుజామున కుబాత్ మంచం దిగబోతే కాళ్ళు లేవలేదు. దూదిలాగా ఉన్నాయన్నాడు. అంబులెన్స్ వచ్చింది. డయాలిసిస్ గది తలుపు దాకా తీసుకెళ్ళారు. మిషను తగిలించేలోపే గుండె ఆగిపోయింది.

నేను పరిగెత్తుకు వెళ్ళేసరికి వరండాలో కుర్ర డాక్టరు నించుని అడుగుతున్నాడు.

"ఈ రెండ్రోజులూ ఏం తిన్నాడమ్మా?"

అనార్‌ఖాన్ ముందుకొచ్చింది.

"ఉప్పు రవ్వ తగలనివ్వలేదు బాబూ, నా బిడ్డ మీద ఒట్టు. దాచుకోడం దేనికి, ఆ డబ్బాల్లోది కుక్కలకి పోసేశాను. వారం కిందటి సద్ది, నీళ్ళు వార్చేసిన దుంపలు, అది మనిషి తినే తిండా? కోడలు నొచ్చుకుంటుందని గిన్నెలు కడిగి పెట్టేశా. గొర్రె ఎముకల చారులో దుంపలేసి పెట్టాను. ఖుబానీలు నానేసి ఆ నీళ్ళు తాగించాను, గుండెకి బలమని. అయినా నా తండ్రి గుండె ఎందుకు ఆగిందయ్యా?"

డాక్టరు మొహం మాడిపోయింది. నోరు తెరిచాడు. ముసలామె వెనక నుంచి మైరమ్ అతని కళ్ళలోకి చూసి తల అడ్డంగా ఊపింది. అతను నోరు మూసుకుని, "చెయ్యగలిగింది చేశామమ్మా," అని వెళ్ళిపోయాడు.

నేను మైరమ్‌ని పక్కకి లాక్కెళ్ళాను. "చెప్పవే! నీ నోట్లో ఏం కుక్కుకున్నావు?"

"ఏం చెప్పను? నీ కొడుకుని నువ్వే చంపుకున్నావని చెప్పనా? ఆ మాట విని ఆవిడ ఎట్లా బతుకుతుంది? నువ్వు చెప్పావంటే నా గుమ్మం తొక్కొద్దక్కా."

శవాన్ని బాత్కెన్ తీసుకెళ్ళాం. ఇంటి ముందు గుడారం వేసి లోపల కుబాత్‌ని పడుకోబెట్టారు. మా ఆచారం ప్రకారం మైరమ్ నల్లబట్టలు కట్టుకుని, వచ్చినవాళ్ళకి వీపు పెట్టి, గోడవైపు తిరిగి కూచుంది. ఆడవాళ్ళు వంతులవారీగా శోకాలు పెడుతున్నారు. పోయినవాడి గురించి ఆ పాటల్లో ఏమన్నా ఊరంతటికీ అదే ఖాయం.

అనార్‌ఖాన్ గొంతెత్తింది.

"కొండలాంటి నా కొడకా, కొయ్యలాగా ఎండితివా. పట్నం పిల్లని తెచ్చుకుంటే సద్దికూడు పెట్టెనా. దుంపల్లో సారమంతా నీళ్ళపాలు చేసెనా. ఆకలితో నా బంగారం అలిసిపోయి పోతివా."

గుడారంలో ఆడవాళ్ళందరూ మైరమ్ వీపు వైపు చూశారు. ఒకావిడ పక్కావిడ చెవిలో ఏదో అంది. నా ఒళ్ళు భగ్గుమంది. వారం వారం నడుం పట్టుకుని ఒక మనిషి ఊపిరిని డబ్బాల్లో పెట్టి కాసిందే, దానికా ఈ నింద? అందరి ముందూ కడిగేద్దామని లేచాను. మైరమ్ వెనక్కి తిరక్కుండానే నా పావడా అంచు పట్టుకుని కిందికి గుంజింది.

తర్వాత తనే గొంతెత్తింది. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు.

"నా చేతి వంట తిని నవ్వలేదు నా రాజు. అమ్మ చేతి చారు తాగి నవ్వినాడు నా రాజు. ఆకలితో పోలేదు అమ్మలారా వినండి, కన్నతల్లి కడుపారా పెడితే తిని పోయినాడు."

అనార్‌ఖాన్ ఏడుపు ఆపింది. మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చి మైరమ్ భుజాలు పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"నవ్వాడా? నీతో చెప్పాడా, నా వంట బావుందని?"

"చెప్పాడత్తమ్మా. అంత కమ్మటి భోజనం ఎన్నడూ చెయ్యలేదన్నాడు."

ముసలామె ఆ మాటని చుట్టూ ఉన్న ఒక్కొక్కరి మొహంలోకీ చూస్తూ మళ్ళీ మళ్ళీ చెప్పుకుంది. తర్వాత కోడలి ఒళ్ళో తలపెట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. మైరమ్ ఆవిడ తల నిమురుతూ కూచుంది.