కొక్కెం ఎత్తు

ఆర్మూరులో గంగాదాస్ నల్లా బిగించని పెద్దిల్లు లేదు. ఏడో తరగతిలో బడి మాని పానా పట్టినవాడు, ముప్పై ఏళ్లుగా పరాయివాళ్ల బాత్‌రూముల్లోనే బతుకుతున్నాడు. వేడికో నల్లా, చన్నీళ్లకో నల్లా, నడుమ నుంచి వేలాడే పైపు, దాని చివర చేత్తో పట్టుకునే షవరు... కళ్లు మూసుకునైనా బిగిస్తాడు. బిగించి, ఇంటికొచ్చి, బకెట్లో ముంచుకుని పోసుకుంటాడు.

భార్య రత్నవ్వ ఇరవై ఏళ్లు పసుపు బస్తాలు మోసింది. నిరుడు ఆమె కుడి భుజం బిగుసుకుపోయింది. చెయ్యి చెవిదాకా లేవదు.

"అందరిండ్లల్ల పెడ్తవ్ గద గా పైపు షవరు, మనింట్ల గూడ ఒకటి పెట్టరాదు. నెత్తిమీద నీళ్లు పోసుకునుడైతలేదు" అని అడిగింది.

వాకిట్లో నలుగురున్నారు. "నువ్వేమన్న దొరసానివానే?" అన్నాడు గంగాదాస్. నలుగురూ నవ్వారు. తెల్లారి ఆమె ఏర్గట్లలో అన్న ఇంటికి వెళ్లిపోయింది. నాలుగు నెలలైంది. ఫోన్ చేస్తే ఎత్తేది అన్న కూతురు ప్రవళికే.

నిన్న మాత్రం ప్రవళికే చేసింది. "మామా, అత్త రేపొస్తది. దవాఖాన కాయితాలు ఆడనే మర్సిందట, తీస్కొని పోతది. నువ్వు ఊకె లొల్లి వెట్టకు."

ఫోన్ పెట్టేసి గంగాదాస్ సంచీ విప్పాడు. గోడ పగలగొడితే సిమెంటు ఆరే టైము లేదని పైపులు గోడ మీదుగానే వేశాడు. ఎవరింట్లోనో తీసేసిన పాత గీజర్ ఎక్కించాడు. మరలకు తెల్ల టేపు పొరపొరగా చుట్టి నల్లాలు బిగించాడు. షవరు తగిలించే కొక్కెం గోడకు కొట్టి, నీళ్లు వదిలి చూశాడు. ఒక్క చుక్క కారలేదు. పెద్దిళ్లలో కూడా ఇంత ఒద్దికగా ఎన్నడూ చేయలేదు.

రత్నవ్వ మధ్యాహ్నం ఆటో దిగింది. మంచినీళ్లు కూడా అడగకుండా సందూక పెట్టెలోంచి కాయితాలు తీసుకుంది.

"జర బాత్‌రూం చూసి పోవే" అన్నాడు గంగాదాస్.

చూసింది. చీరతోనే పీట మీద కూర్చుని ఎడమ చెయ్యి చాపింది. కొక్కెం ఎక్కడో పైన ఉంది.

"ఎవ్వలికి పెట్టినవ్ గిది?"

"నీకే."

"నాకైతే నా చెయ్యి కాడ ఉండాలె. గీడ ఎవ్వడో నిలవడి తానం చేసే పటేలున్నడు."

గంగాదాస్ తలెత్తి కొక్కెం చూశాడు. ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ చెయ్యి దానంతటదే ఆరడుగుల ఎత్తున కొట్టేసింది. ఈ మనిషి ఏనాడూ నిలబడి స్నానం చేయలేదని ఇప్పుడు గుర్తొచ్చింది.

"లేవకు. చెయ్యి గట్లనే పెట్టు."

ఆమె వేళ్లు ఆనిన చోట పెన్సిల్‌తో గీత గీశాడు. కొక్కెం ఊడదీసి అక్కడ బిగించాడు. పైన రెండు బొక్కలు అట్లాగే మిగిలాయి.

"పని చేస్తదా, ఉత్త షోకేనా?" అంటూ రత్నవ్వ తలుపేసుకుంది.

గంగాదాస్ బయట గడప మీద కూలబడ్డాడు. చెంబుతో పోసుకునే నీళ్లు దబ్బున పడి ఆగుతాయి. ఈ నీళ్లు ఆగలేదు. ఇంట్లో నాలుగు నెలల తర్వాత వినబడిన మనిషి అలికిడి అది. ఎంతసేపైనా వినాలనిపించింది.

ఆమె జుట్టు విరబోసుకుని వచ్చి వాకిట్లో ఎండకు వీపు పెట్టి కూర్చుంది.

"నెత్తి ఆరెదాంక ఉంట. ఆరినంక ఆటో ఎక్కుత."

రోడ్డవతల భోజన్న, ఉడకబెట్టిన పసుపును టార్పాలిన్ పరదా మీద నెరిపి ఆరబెడుతున్నాడు. "ఎండ మస్తు గొడ్తుంది గంగాదాసూ! గిట్లనే ఉంటె పది దినాలల్ల గలగల ఎండుతది!"

ఊరంతా ఎండ కోసం మొక్కుకునే ఆ రోజుల్లో, గంగాదాస్ ఆకాశం ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క మబ్బుతునక కోసం వెతుకుతున్నాడు.