గడ్డపార నాటిన చోటు

మొదటి ఆదివారం నలభై మంది వచ్చారు. ఇప్పుడు నలుగురం. నిజం చెప్పాలంటే, మనుషులు తగ్గేకొద్దీ నాకు లోలోపల హాయిగానే ఉండేది. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

బాగేపల్లి దగ్గరి మా ఊరి వంక చిత్రావతి ఏటిలో కలవాలి. ముప్పై ఏళ్ళుగా కలవడం లేదు. రెండేళ్ళుగా ఏటి వైపు నుంచి సీమజాలి ముళ్ళకంప నరుక్కుంటూ, పూడిక తీసుకుంటూ పైకి వస్తున్నాం. పని ఆపేటప్పుడు అందరిలో పెద్దవాడు గడ్డపార నాటుతాడు. మరుసటి వారం అక్కడి నుంచే మొదలు. దాన్ని ఎవరూ కదిలించరు. ఆ పెద్దవాణ్ణి నేనే, పేరు మునివెంకటప్ప.

ఈ రోజు తవ్వకం నా మల్బరీ తోట గట్టుకు తగిలింది. బడి టీచరు అనఘ చెమట తుడుచుకుంటూ అడిగింది.

"ఈడ్నించి పైన వంక ఏ పక్క నుంచి వస్తాండె అప్పా? పాత నక్షలో గీత చెరిగిపోయిండాది. మీరు చెప్పిందే ఖాయం."

నాకు తెలుసు. పెళ్ళయిన ఏడాది నేనే దాన్ని పూడ్చి మల్బరీ నాటాను. పడమటి బండల వైపు చెయ్యి చూపిస్తే చాలు, రెండు వారాల్లో ఈ ముగ్గురూ విసిగి మానుకుంటారు. తోట దక్కుతుంది. కానీ ఒళ్ళంతా నొప్పులు. అబద్ధం చెప్పడానికి కూడా ఓపిక లేదు.

"కొంచేపు ఆగమ్మా" అని ఇంటికి నడిచాను.

నా భార్య లక్ష్మీదేవమ్మ పట్టుపురుగులకు ఆకు వేస్తోంది. నాలుగో జ్వరం, అంటే ఆఖరి కుబుసం విడిచి లేచిన పురుగులు, గూడు కట్టేదాకా వారం పాటు తింటూనే ఉంటాయి.

"గట్టుదాకా వచ్చినారా?" అంది తల ఎత్తకుండా.

"వచ్చినాం. నాలుగు సాళ్ళు పోతాయి. ఈ పంట అయినాక చెప్తాంలే."

"పోయిన పంటప్పుడూ ఇదే అంటివి."

నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. మళ్ళీ గట్టు దగ్గరికి పోయి గడ్డపార అందుకున్నాను. వంక ఒకప్పుడు మలుపు తిరిగిన చోట, మల్బరీ సాళ్ళ నడుమ దించాను. అనఘ చూసింది, మాతో తవ్వే దేవరాజ్ చూశాడు. గట్టు మీద కూలబడ్డాను.

కాసేపటికి లక్ష్మీదేవమ్మ కొడవలి, బుట్ట తెచ్చింది. గడ్డపార ఎక్కడుందో చూసి, అక్కడి కొమ్మలే కోయడం మొదలుపెట్టింది.

"ఈ నాలుగు సాళ్ళ ఆకే ముందు వేస్తా. వచ్చే ఆదివారానికి ఖాళీ అయిపోతాది" అంది. "పూడ్చిన దినం మట్టి తట్టలు మోసింది నేనే గదా."