పనిముట్ల గది వదిన

ఛార్జింగు పెట్టే ముందు ఆమె ప్రతి బ్యాటరీనీ కాసేపు అరచేతిలో ఉంచుకుంటుంది. రాత్రంతా చల్లటి గదిలో ఉన్నవి కదా, ఆ చలి వదిలేదాకా వాటిని తొందరపెట్టదు. జ్వరం తగ్గిన బిడ్డ నుదురు చూసినట్టు వేళ్ళతో తడిమి, పగులుందేమోనని వెలుగులో తిప్పి చూసి, పొడిగుడ్డతో తుడిచి, అప్పుడు రాతిబల్ల మీది ఛార్జర్లలో కూర్చోబెడుతుంది.

ఆ కొయ్యసామాను కార్ఖానాలో చిన్నా పెద్దా దాదాపు అందరికీ ఆమె వదిన. పొట్టి మనిషి. కళ్ళజోడు జారకుండా దారం, మోచేతుల దాకా మడిచిన చొక్కా చేతులు. ముందు తాళంచెవుల చప్పుడు వస్తుంది, ఆ తర్వాతే ఆమె వస్తుంది. పనిముట్ల గదిలో రంపపు పొట్టు చిటికెడు కూడా నిలవదు. మేకులున్న అరలో బ్యాటరీని పెట్టనివ్వదు. ఇనుము తగిలితే దానికి పూనకం వస్తుందంటుంది. సాయంత్రం తను వెళ్ళేటప్పుడు ఒక్క ఛార్జరు కూడా వెలుగుతూ ఉండకూడదు. కనిపెట్టుకుని ఉండే మనిషి లేనిచోట పొయ్యి వదిలి వెళ్తామా అని అడుగుతుంది.

కిటికీలోంచి పనివాళ్ళకు ఒక చేత్తో డ్రిల్లో కోతమిషనో, ఇంకో చేత్తో దాని బ్యాటరీ అందిస్తుంది. ఎప్పుడూ కలిపి ఇవ్వదు.

"మొగుణ్ణీ పెళ్ళాన్నీ రోజూ విడదీసి పంపుతావేం వదినా?" అన్నాడు పాలిష్ పనివాడు.

"పని మొదలెట్టేటప్పుడు కలుపు. బ్లేడు మార్చేటప్పుడు మళ్ళీ విడదియ్యి. కాపురం నిలబడుతుంది."

వెనక నిలబడ్డవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ మాట వెనకున్న సంగతి వాళ్ళందరికీ తెలుసు.

ఆమె భర్త ఇక్కడే వడ్రంగి. చెయ్యి తిరిగిన పనివాడు. ఒకరోజు ఏదో తొందరలో బ్యాటరీ తియ్యకుండానే కోతమిషను బ్లేడు మార్చబోయాడు. మీట మీద బొటనవేలు పడింది. కుడిచేతి వేళ్ళు సగం పోయాయి. మీకేం కావాలో చెప్పమని యజమాని ఇంటికొచ్చి అడిగితే, ఆమె పనిముట్ల గది తాళంచెవి అడిగింది. అప్పటిదాకా ఆ గదికి తలుపే తప్ప తాళం లేదు. భర్త ఇంట్లో ఎడమచేత్తో కూరలు తరగడం నేర్చుకున్నాడు. ఆమె ఇక్కడ పనిముట్లను చూసుకోవడం నేర్చుకుంది. మొదట్లో విసుక్కున్న వడ్రంగులే, ఇప్పుడు ఆమె ఒక్కరోజు రాకపోతే చేతులు కట్టేసినట్టుందంటారు.

ఇవాళ మధ్యాహ్నం పెరట్లో అన్నం తిని గదిలోకి అడుగుపెట్టగానే ఆమె ఆగిపోయింది. ఏదో తియ్యటి, ఘాటైన వాసన. ఛార్జర్లో తను పెట్టని బ్యాటరీ ఒకటి ఉంది. మూల పగిలింది, పొట్ట ఉబ్బింది. గోడ దగ్గర స్విచ్చు కట్టేసింది. తోలు తొడుగులు వేసుకుని, పొడవాటి పట్టకారుతో దాన్ని పట్టుకుని, పరుగెత్తకుండా, పక్క తలుపులోంచి వాకిలి మధ్యకు నడిచింది. అక్కడ ఎప్పుడూ ఉంచే ఇసుక తొట్టిలో దాన్ని దించి, వెనక్కి వచ్చి, అందరినీ పొగ తగలకుండా గాలి వచ్చేవైపు నిలబెట్టింది.

కాసేపటికి అది బుస్సుమంది. తెల్లటి పొగ, ఆ వెంటనే మంట. ఎవరో బకెట్ ఎత్తబోయారు.

"ఏం చెయ్యొద్దు. దగ్గరికి పోవద్దు. దాని కోపం అదే తీరనీ."

లోపల నేలంతా ఎండిన పొట్టు, గోడల వెంట పాలిష్ డబ్బాలు. అందరి చూపూ అటే పోయింది. మంట ఆరాక యజమాని వచ్చి ఎవరిపని ఇది అని అడిగితే, సాయంత్రంలోగా తెలుస్తుందని మాత్రం చెప్పింది. అది ఎవరి డ్రిల్లుదో ఆమెకు అప్పటికే తెలుసు.

పొద్దు వాలుతుండగా పెద్దమేస్త్రి కిటికీ దగ్గరికి వచ్చాడు. కార్ఖానాలో అందరికంటే పెద్దవాడు, చెవి మీద ఎప్పుడూ పెన్సిలుండే మనిషి. ఆమెను వదినా అనని మనిషి ఆయనొక్కడే. తల ఎత్తకుండానే చెప్పుకొచ్చాడు. పొద్దున నిచ్చెన మీద ఉండగా డ్రిల్లు చేతిలోంచి జారి బండ మీద పడిందట. ఈమధ్య వేళ్ళకు పట్టు చిక్కడం లేదట. ఆమె అన్నానికి వెళ్ళినప్పుడు, తెరిచున్న గదిలోకి ఎవరూ చూడకుండా తనే బ్యాటరీ తెచ్చి ఛార్జింగులో పెట్టాడట.

"తెలిస్తే నన్ను నిచ్చెన ఎక్కనివ్వరని భయమేసింది చెల్లెమ్మా."

ఆమె తొడుగులు మడిచి పక్కన పెట్టింది.

"ఆరోజు మా ఆయన చెయ్యి తువ్వాలులో చుట్టి, ఆయన్ని భుజాన వేసుకుని వీధంతా పరుగెత్తింది మీరే అన్నయ్యా. ఇవాళ నేను ఇంకో రెండు ముద్దలు నెమ్మదిగా తిని ఉంటే, మీరు ఎంతమందిని మోసేవారు?"

ఆయన కిటికీ గట్టు మీద చెయ్యి ఆనించాడు.

"చెయ్యి జారడం తప్పు కాదు," అంది గొంతు తగ్గించి. "ఎవరికైనా జారుతుంది. వెళ్ళి మీ నోటితో మీరే చెప్పండి. నేను చెప్పను."

ఆయన అందరి మధ్యా నిలబడి యజమానికి చెప్పుకున్నాడు. కింద ఉండి పనివాళ్ళకు కొలతలు చూపిస్తే చాలన్నాడు యజమాని. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. చెయ్యి చెప్పిన మాట విననప్పుడు నోటితో పని చేయించడం తనకు రాదన్నాడు.

తర్వాత తన మిషన్లన్నీ తెచ్చి, బ్యాటరీలు తీసి, వేటికవి బల్ల మీద పెట్టాడు. ఆమె ఒక్కొక్కటీ తడిమి చూసి అరల్లో సర్దింది.

"రేపు మా ఇంటికి రండి. ఆయనకు మాట్లాడే తోడు లేక పొద్దస్తమానం కూరగాయలతో మాట్లాడుతున్నాడు," అంది.

మేస్త్రి నవ్వాడు. సరేనన్నాడు. గేటు దాకా వెళ్ళి, చెప్పులు దులుపుకుని, వెళ్ళిపోయాడు.

ఆమె స్విచ్చులు కట్టేసింది, ఛార్జర్లు చల్లారాయో లేదో వేళ్ళు ఆనించి చూసింది. తలుపు మూయబోతూ కిటికీ వైపు చూసింది. గట్టు మీద వడ్రంగి పెన్సిలు, ఉలితో చెక్కిన పదునైన మొనతో, ఎన్నో ఏళ్ళు చెవి మీద ఉండి ఒకవైపు నున్నబడిపోయి, గదివైపు తిరిగి పడుకుని ఉంది.