అర్జీలు రాసేవారికి

అన్నం తినిరా ఆపా, పార్వతమ్మ కాయితం సంగతి నేను చూసుకుంటాలే అన్నాడు, అంత మెత్తగా, నాలుగేళ్ళలో ఒక్కనాడన్నా తిన్నావా అని అడగని తమ్ముడు, ఆ ఒక్క మాటకే తను కరిగిపోయి లేచి కంచం పెట్టుకుందని ఇప్పుడు తలచుకుంటే సమ్రీన్‌కి ఒళ్ళు మండిపోతోంది, రెండు ముద్దలు నోట్లో పెట్టుకుందో లేదో అర్జీలో సర్వే నంబరు తప్పు కొట్టానేమోనని అనుమానం వచ్చి, కంచం ఒళ్ళో ఉండగానే ఎడమ చేత్తో తెర స్విచ్చి నొక్కింది, నొక్కకపోయినా బాగుండేది, ఏం బాగుండేది, నొక్కబట్టే కదా తెలిసింది, తెర మీద అర్జీ లేదు, షాపు మెయిలు తెరిచి ఉంది, ముందు గదిలో కూర్చున్న నదీం వేళ్ళు లోపలి గదిలో తన కళ్ళ ముందు ఒక్కో అక్షరమే పెడుతున్నాయి, వెతుక్కుంటూ, ఆగుతూ, మే, డం, గా, రూ, రూ కాదురా, రు.

ఉన్నది ఒకటే కంప్యూటరు, దాని పెట్టె ముందు గదిలో వాడి కాళ్ళ దగ్గర ఉంటుంది, గోడకి బెజ్జం కొట్టి ఇవతలికి లాగిన వైర్ల చివర ఇంకో తెర, ఇంకో కీబోర్డు, ఇంకో మౌసు, అక్కడ కనపడేదే ఇక్కడా కనపడుతుంది, ఇక్కడ కొట్టిందే అక్కడా పడుతుంది, బాణం గుర్తు మాత్రం ఇద్దరికీ కలిపి ఒక్కటే, ఇద్దరూ ఒకేసారి కదిపితే అది ఎటు పోవాలో తెలియక నడిమధ్య గింజుకుంటుంది, తలాఖ్ తీసుకుని మాచర్ల నుంచి పుట్టింటికి వచ్చిన ఏడాది ఈ ఏర్పాటు చేశాడు, మగాళ్ళు వచ్చిపోయే చోట నువ్వు కూర్చుంటే బాగుండదు ఆపా, లోపల హాయిగా ఫ్యాను కింద కూర్చుని కొట్టుకో అన్నాడు, తమ్ముడికి తన మీద ఎంత కనికరమో అనుకుంది అప్పుడు, బెజ్జం కొడుతుంటే తనే సెల్లు లైటు పట్టుకుని నిలబడింది, వినుకొండ బస్టాండు వెనక వీధిలో షట్టరు పైన బోర్డు, నదీం ఆన్‌లైన్ సెంటర్, అర్జీలు చక్కగా రాయబడును, రాయబడునంట, ఎవరి చేత రాయబడునో ఆ బోర్డు మీద ఉండదు, వచ్చినవాళ్ళు ముందు గదిలో స్టూలు మీద కూర్చుని వాడి ముఖం చూస్తూ తమ కష్టం చెప్పుకుంటారు, పరదా ఇవతల కూర్చుని తను వింటుంది, వింటూ రాస్తుంది, వాళ్ళ కళ్ళకి మాత్రం అక్షరాలు నదీం ముందర బారులు తీరుతుంటాయి, ఒకసారి పరదా సందులోంచి చూసింది, వాడు కీబోర్డు మీద వేళ్ళు ఆడిస్తున్నాడు, నొక్కడం లేదు, గాలిలో ఆడిస్తున్నాడంతే, ఆ రోజు నవ్వు వచ్చింది, ఇవాళ ఆ వేళ్ళు పట్టుకుని విరిచెయ్యాలని ఉంది.

వాడు కొడుతున్నది జవాబు, దాని కింద అసలు మెయిలు ఉంది, బాణం గుర్తు తన చేతిలోకి తీసుకుంటే వాడికి తెలిసిపోతుందని కదపకుండా, మెడ చాచి, కనపడిన మేరకు చదివింది, అర్జీలు రాసేవారికి అని మొదలైంది, పేరు లేదు, రాసినావిడ లీలావతి, నరసరావుపేటలో వకీలు, సోమవారం గ్రీవెన్సుకి కలెక్టరాఫీసుకి పోయినప్పుడు పిచ్చమ్మ అనే ఆమె అర్జీ చదివాను, మీ సెంటర్‌లో రాయించానని ఆమె చెప్పింది, నా వేళ్ళ మీద గీతలు అరిగింది మిరప చేలల్లో, నా వేళ్ళని మిషను నమ్మకపోతే నా చేలని అడగండి అని రాసింది ఎవరు, ఆ వాక్యం రాసినవారు నా ఆఫీసులో పని చేయడానికి ఒప్పుకుంటారా, ఒకసారి వచ్చి కలవగలరా, ఇంతే మెయిలు, సమ్రీన్‌కి పిచ్చమ్మ గుర్తుంది, ముఖం చూడలేదు, గొంతు గుర్తుంది, వేలు పెడితే మిషిను ఒప్పుకోటల్లేదు నాయనా, బియ్యం ఇయ్యనంటన్నాడు, నలబయ్యేళ్ళు మిరక్కాయలు కోసిన వేళ్ళయ్యా ఇవి అని ఏడ్చింది, ఆ ఏడుపు పరదా దాటి వచ్చి ఆ వాక్యం అయింది, పిచ్చమ్మ తన వాక్యాన్ని నరసరావుపేట దాకా మోసుకుపోయింది, తను ఈ గది దాటలేదు, మెయిలు మీద తారీఖు చూసింది, ఎనిమిది రోజులైంది, ఎనిమిది రోజులు, ఓహో, మొన్న సాయంత్రం వేడి వేడి బజ్జీలు పొట్లం కట్టించుకొచ్చింది అందుకా, నిన్న ఫ్యాను రెక్కలు తుడిచింది అందుకా, ఇవాళ అన్నం తినమన్నది అందుకా, ఈలోపు వాడి అక్షరాలు ఇంకో వరుస నిండాయి, ఆర్జీలు రాసేది నేనే, మా దగ్గర వెరే ఎవరూ లేరు.

వేరే ఎవరూ లేరు, వేరే అని రాయడం కూడా చేతకాదు వాడికి, ఎట్లా చేతనవుతుంది, వాడిని ఇంగ్లీషు మీడియంలో వేశారు, యూనిఫారం, టై, స్కూలు వ్యాను, తనని వీధి చివర సర్కారు బడికి పంపారు, ఆడపిల్లకి అది చాలన్నారు, ఆ చాలన్న చదువే ఈ ఇంటికి నాలుగేళ్ళుగా అన్నం పెడుతోంది, లేరంట, నేను లేనంట, ఇదిగో ఇక్కడ కూర్చుని ఉన్నాను కదరా, నీకూ నాకూ మధ్య తొమ్మిదంగుళాల గోడే కదరా, అని అరవబోయి ఆగింది, పక్కనే మంచం మీద కూర్చుని జాకెట్టుకి హుక్కులు కుడుతున్న అమ్మీ, అక్తర్ బేగం, తల ఎత్తి, ఏందే, చెయ్యి ఆరిపోతంది, తినకుండా ఆ టీవీలో ఏం చూస్తన్నావు అంది, అమ్మీకి అది ఎప్పుడూ టీవీయే, చూడు అమ్మీ, నరసరావుపేట నుంచి నన్ను పనికి పిలిచారు, నీ కొడుకు నేను లేనని రాస్తన్నాడు, గొంతు తగ్గించి అంది సమ్రీన్, తగ్గించినా పళ్ళ మధ్య నుంచి వచ్చింది, అమ్మీ సూదిలోంచి జారిన దారం మళ్ళీ ఎక్కించుకుంటూ, ఆ వకీలమ్మదా, మొన్న చెప్పాడులే అంది, చెప్పాడా, నీకు చెప్పాడా, నీకు తెలుసా, గోల చెయ్యమాకే, ఆదివారం గురజాల వాళ్ళు వస్తన్నారు పిల్లోడిని చూసుకోటానికి, అబ్బాయి అర్జీలు చానా బాగా రాస్తాడంట గదా అని వాళ్ళే అడిగారు, ఇప్పుడు నువ్వు కాదు నేనని బయలుదేరితే వాడి పరువేం గాను, వాడికో సంబంధం కుదిరేదాకా ఓపిక పట్టు, ఆ తర్వాత చూద్దాం, ఓపిక, ఆ మాట వినగానే సమ్రీన్‌కి చెవుల్లో గుయ్యిమంది, మాచర్లలో అత్త ఇదే మాట అనేది, ఇంత తీయగానే అనేది, ఓపిక పట్టేవాళ్ళని ఒకరిని చూసి పెట్టుకుంటే మిగతా అందరూ హాయిగా బతకొచ్చు, కంచం కింద పెట్టింది, కుడి చేతికి చారు మెతుకులు, ఎడమ చెయ్యి చాపి కీబోర్డు మీద చెరిపే మీట నొక్కి పట్టుకుంది.

రు పోయింది, లే పోయింది, ఎవరూ పోయింది, వెరే పోయింది, వెనక్కి వెనక్కి తినుకుంటూ పోయింది గీత, చెరుపుతుంటే ఇంత కసి ఉంటుందని ఇన్నాళ్ళూ తెలియదు, నేనే దాకా వచ్చాక ఇంకా గట్టిగా నొక్కింది, అవతల కుర్చీ కిర్రుమంది, నదీం కీబోర్డు విసుగ్గా చప్పుడు చేసింది, ఆర్జీలు అని మళ్ళీ పడింది, చెరిపింది, మళ్ళీ పడింది, మళ్ళీ చెరిపింది, పరదా అవతల నుంచి పార్వతమ్మ గొంతు, ఏంది బాబూ, నా కాయితం ఏడకి పోయింది, ఆ అచ్చరాలు వాటంతటవే చెరిగిపోతన్నాయేంది, నదీం గొంతు, ఏం లేదు పెద్దమ్మా, నెట్టు సరిగ్గా లేదు, నెట్టంట, నెట్టు కాదురా నీ అక్క, ఆ మాట పైకి అనలేదు గానీ పెదవులు కదిలాయి, అమ్మీ చూసి ఏమే అంది, వినలేదు, జవాబు రాసే చోటు ఖాళీగా ఉంది, ఇద్దరి వేళ్ళూ ఆగాయి, ఒక్క గీత ఆరుతూ వెలుగుతూ ఉంది, అప్పుడు మెల్లగా, తప్పు లేకుండా, ఆపా అని పడింది, తర్వాత నువ్వేనా అని పడింది, ఇంకెవరు, గోడలో బల్లి కొడుతోందనుకున్నాడా, నేనే అని కొట్టింది ఒంటి చేత్తో, కింద, తిన్నావా అని వచ్చింది, ఇంకా అదే మాట, ఆ మాటతో పక్కకి లాగేద్దామని, ఎనిమిది రోజులు దాచావు అని కొట్టింది, మళ్ళీ కొట్టింది, నేను లేనని ఎట్లా రాశావు.

వాడు ఏం రాస్తాడో ముందే వరసగా అనుకుంది, బస్సులో రోజూ పోయి రావడం ఆడదానికి కుదరదంటాడు, కులపోళ్ళు ఏమనుకుంటారంటాడు, మన అబ్బా బతికుంటే ఒప్పుకునేవాడా అంటాడు, అన్నిటికీ తన దగ్గర జవాబులు ఉన్నాయి, నాలుగేళ్ళుగా గిన్నెలు తోముతూ, బట్టలు ఆరేస్తూ, వాడి ముఖాన కొట్టినట్టు చెప్పాలని ఒక్కొక్కటే అమర్చి పెట్టుకున్న జవాబులు, ఆడవాళ్ళు కలెక్టరాఫీసుల్లో పని చేయడం లేదా అని ఒకటి, అబ్బా నన్ను సైకిలు మీద కూర్చోబెట్టుకుని పరీక్షకి తీసుకుపోలేదా అని ఒకటి, రానీ, ఏది ముందు వస్తుందో రానీ అని పళ్ళు బిగించి కూర్చుంటే తెర మీద వాడి అక్షరాలు కదిలాయి, నువ్వు పోతే ఆర్జీలు ఎవరు రాస్తారు, నాకు రాదు, అంతే, ఆ తర్వాత ఏమీ లేదు, బస్సు లేదు, కులం లేదు, అబ్బా లేడు, ఆర్జీ అన్న తప్పు దిద్దడానికి అలవాటుగా వేలు లేచింది, సగంలో ఆపేసింది, నాకు రాదు అన్న మాట రెండోసారి చదివింది, మూడోసారి చదివేసరికి లోపల కోపం మంటలా ఎగరడం మానేసి ఇనుములా బిగుసుకుంది, అంతా చెరిపేసింది, వాడి మాటలూ తన మాటలూ, చెయ్యి లంగా అంచుకి తుడుచుకుని పది వేళ్ళతో కొట్టింది, మేడం గారికి నమస్కారం, అర్జీలు రాసేది నేను, నా పేరు సమ్రీన్, పిచ్చమ్మ గారి అర్జీ నేనే రాశాను, సోమవారం పదింటికి నరసరావుపేటలో మీ ఆఫీసుకి వస్తాను, వాడు చూస్తున్నాడు, ఒక్కో మాట పడుతుంటే చూస్తున్నాడని తెలుసు, పంపే గుర్తు మీదికి బాణం తీసుకుపోయింది, వాడు అవతల నుంచి లాగాడు, తను ఇవతలికి లాగింది, బాణం తెర నడుమ గింజుకుంది, పో అనీ వద్దు అనీ, వాడి చేతిలో బలం ఉంది, మౌసుని బల్లకేసి రుద్దుతున్న చప్పుడు గోడ ఇవతలకి వినపడుతోంది, లాగరా, లాగు అనుకుంటూ మౌసు వదిలేసి, కంట్రోల్ మీట పట్టుకుని ఎంటర్ కొట్టింది, మెయిలు వెళ్ళిపోయింది, అట్లా కూడా పోతుందని వాడికి తెలియదు.

ఇప్పుడు వస్తాడు, పరదా లాగుతాడు, అరుస్తాడు, అరవనీ, కాచుకుని నిటారుగా కూర్చుంది, అమ్మీ కుట్టు ఆపి కొడుకు వచ్చే దారి వైపు చూసింది, కుర్చీ కిర్రుమనలేదు, చెప్పుల చప్పుడు లేదు, గురజాల వాళ్ళకి ఏం చెప్పాలే ఇప్పుడు అని అమ్మీ సణిగింది, ఉన్నది చెప్పు అంది సమ్రీన్, ముందు గదిలో పార్వతమ్మ, అయిపోయిందా నాయనా, రెండు గంటల బస్సుకి పోవాల, నూజెండ్లలో దిగి ఇంకా నడవాల అంటోంది, కాలేదు పెద్దమ్మా, ఇట్లా లోపలికి రా, రాసేది నేను, అని పిలిచింది సమ్రీన్, గట్టిగా, ముందు గదిలో ఉన్నవాళ్ళందరికీ వినపడేట్టు, తన గొంతు తనకే కొత్తగా ఉంది, పరదా తొలగింది, ఎండకి మాడిన ముఖం, ముక్కుకి పెద్ద పుడక, చేతిలో గుడ్డ సంచి, పార్వతమ్మ గుమ్మంలో నిలబడి తెరనీ, ఎంగిలి కంచాన్నీ, ఆమెనీ మార్చి మార్చి చూసి, నువ్వా తల్లీ, నేను ఆ అబ్బాయికి చెప్పుకుంటన్నా ఇందాకట్నుంచీ అంది, మళ్ళీ చెప్పు పెద్దమ్మా, మొదట్నుంచి చెప్పు, కూర్చో, అని పీట జరిపింది, పార్వతమ్మ కూర్చుని, నా హద్దు రాళ్ళు పీకి రెండు బారలు లోపలికి పాతాడమ్మా పక్క చేనోడు, అడిగితే అవి ఎప్పట్నుంచో ఆడనే ఉన్నయ్యి అంటన్నాడు, రాళ్ళని ఎవరు జరిపారో వాడికి తెలవదా, వాడే గదా జరిపింది అంది, సమ్రీన్ వేళ్ళు కొట్టడం మొదలుపెట్టి ఆగాయి, పార్వతమ్మ ముఖంలోకి చూసింది, గోడ అవతల నదీం ఇంకా అట్లాగే కూర్చుని ఉంటాడు, ఈ అక్షరాలు పడడం చూస్తుంటాడు, ఇన్నాళ్ళూ వాడి మీద ఎంత మండిపడినా చివరికి ఒక చోట మెత్తబడేది, చిన్నోడు, తన పని విలువ వాడికి తెలియదులే, తెలిసేట్టు ఎవరైనా చెబితే మారతాడు, ఎట్లా చెప్పాలా అని మాటలు వెతుక్కునేది, వెతకక్కర్లేదు, వినుకొండలో అందరికంటే ముందు తెలిసింది వాడికే, ప్రతి వాక్యం తన కళ్ళ ముందే పుడుతుంటే చూశాడు, అంతా తెలుసు వాడికి, తెలిసే చేశాడు, ఇక వాడికి చెప్పాల్సింది ఏమీ లేదు.