నీలు అడిగిన పేజీ

కలకత్తా పక్కన లిలువాలో లోయిసమ్మ ఇంట్లో పొద్దున్నే టీ కన్నా ముందు కవితలకి నీళ్లు పెట్టాలి. కోడలు గ్రేసీ గ్లాసు నింపి కాగితాల పక్కన పెడుతుంది. తిరిగొచ్చేసరికి గ్లాసు ఖాళీ, కాగితం పొడి.

"ఈ ఎండలకి మీ కవితలు తెగ తాగెస్తన్నాయత్తా," అని మళ్లీ నింపుతుంది.

లోయిసమ్మ రైల్వే ఆస్పత్రిలో నర్సుగా చేస్తూ జ్వరాల మీద, మశూచి మీద చరిత్రలు రాసిందా, అవి మాత్రం చుక్క ముట్టవు. బీరువాలో బుద్ధిగా పడుంటాయి.

ఈవేళ ఆవిడ కాలు ఒకచోట నిలవడం లేదు. కలరా చరిత్ర అచ్చుకెళ్తోంది! దాంతోపాటు, జీవితంలో మొదటిసారి, ఒక కవిత కూడా వెయ్యమని అడగబోతోంది.

భవానీపూర్‌లో తెలుగు పుస్తకాలు వేసే సోమశేఖర్ గారు బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. లోయిసమ్మ తెచ్చిచ్చిన కవితని బల్ల చివరికి తోసేశారు. పైగా చరిత్రలో ఒక పేజీ మీద ఎర్రగీత కొట్టారు.

"ఇదేటి బాబూ, కొట్టేసినారు?"

"ఆధారం లేదు కదండీ. మీ నాయనమ్మ చెప్పింది చరిత్రెలా అవుతుంది?"

నాయనమ్మ దాలమ్మ బడ్జ్ బడ్జ్‌లో జూట్ మిల్లు ఆస్పత్రి ఆయా. కలరా సోకిన శ్రీకాకుళం కూలీ ఒకడు "నీలు, నీలు" అని ఏడిస్తే, బెంగాలీ నర్సు పాపం నీలం రంగు అడుగుతున్నాడనుకుంది. వాళ్ల భాషలో నీల్ అంటే నీలమే మరి. పరుగెత్తి నీలి చీర తెచ్చి అతని కళ్ల ముందు పట్టుకుంది. అడిగింది నీళ్లని తెలిసిన దాలమ్మ చెంబుతో వచ్చేసరికి ప్రాణం పోయింది. చరిత్రలో ఆ పేజీ, కవిత, రెండూ అతని గురించే.

"ఆడి పేరు కూడా ఎవులూ రాసుకోనేదు బాబూ. ఈ పేజీ కొట్టేసి, కవితా ఎయ్యనంటే, ఇంకెక్కడుంటాడు?" లోయిసమ్మ ఎర్రగీత పేజీని ఆయన ముందుకి జరిపింది.

సోమశేఖర్ గారు ఇబ్బందిగా మంచినీళ్ల గ్లాసు అందుకున్నారు. ఖాళీ! కవిత తాగేసిందనుకున్నారు. కవితలు తాగుతాయని ఎవరికి తెలీదు? కానీ కవిత బల్లకి ఆ చివరుంది. గ్లాసు పక్కనున్నది ఎర్రగీత పేజీ.

సీసాతో గ్లాసు నింపారు. చూస్తుండగానే నీళ్లు అడుక్కి దిగిపోయాయి. మళ్లీ నింపారు. సీసా కూడా అయిపోయింది.

"అమ్మ బాబోయ్! చరిత్ర తాగుతోందండీ! ఇంకేం ఆధారం కావాలి? రెండూ వేస్తున్నాం, పక్కపక్క పేజీల్లో!"

ఒక్క ఉదుటున కిటికీ దగ్గరికెళ్లి, కింద టీ కొట్టువాడికి వీధంతా వినబడేలా కేకేశారు.

"దాదా! జొల్! ఏక్ బాల్తీ జొల్!"

బెంగాలీలో నీళ్లకి ఉన్న ఆ ఒక్క మాటే ఆ కూలీకి తెలియనిది. బకెట్టుతో నీళ్లొచ్చాయి.

లోయిసమ్మ ఏడుస్తూ నవ్వుతూ పేజీ మీద చెయ్యేసింది.

"నిమ్మళంగా తాగు నాయినా," అంది.